రోగి రహస్యం ఎవరి అమానత్?

ఆసుపత్రిలో పడి ఉన్న మనిషి గురించి తెలియవలసినవారికి తెలియదు, తెలియకూడనివారికి ముందే తెలిసిపోతుంది. ఉద్యోగ విరమణ తరువాత రోగుల వెంట ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న మాకు ఈ విడ్డూరం కొత్త కాదు. అయినా గత చలికాలంలో ఒక పెద్దాసుపత్రిలో చూసినది నేటికీ మా మనసును వదలడం లేదు. ఐసీయూలో ఉన్న తండ్రి పరిస్థితి ఏమిటని ముగ్గురు కొడుకులు మూడు రోజులు కిటికీ దగ్గర నిలబడి అడిగారు. ‘స్టేబుల్’ అన్న ఒక్క మాట తప్ప జవాబు లేదు. నాలుగవ రోజు ఉదయం ఆయన జబ్బు పేరు మొహల్లాలోని కిరాణా కొట్టు దగ్గర వినబడింది. వార్డు సిబ్బందిలో ఎవరో కేసు షీటును ఫోనులో ఫొటో తీసి తెలిసినవారికి పంపారు. అక్కడి నుండి అది వాట్సాప్ గ్రూపులకు పాకింది. ఆ ఇంటి ఆడపిల్లకు కుదిరిన సంబంధం వారం తిరగకముందే తప్పిపోయింది. జబ్బు క్షయ. క్రమంగా మందులు వాడితే నయమయ్యేదే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం, వైద్యుడు రోగి పరిస్థితిని పెంచి గాని తగ్గించి గాని చెప్పరాదు. రోగి మేలుకు అవసరమైనంత మేరకు రోగికి, బంధువులకు తెలియజేయాలి. రోగి గాని, అతడు అధికారం ఇచ్చిన వ్యక్తి గాని కోరితే రికార్డులను 72 గంటలలోగా ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుండి 3 సంవత్సరాలు భద్రపరచాలి. అదే నియమావళి రోగి రహస్యాలను బయటపెట్టడాన్ని దుష్ప్రవర్తన అంటుంది. న్యాయస్థానం ఆదేశించినపుడు, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం స్పష్టంగా కనిపించినపుడు, ప్రభుత్వానికి తెలుపవలసిన వ్యాధి అయినపుడు మాత్రమే మినహాయింపు. క్షయ 2012 నుండి అలా తెలుపవలసిన వ్యాధే. తెలుపవలసింది ఆరోగ్య శాఖకు, కిరాణా కొట్టుకు కాదు.

ఈ నియమావళి వైద్యులను కట్టడి చేస్తుంది గాని ఫొటో తీసిన చేతిని నేరుగా పట్టుకోదు. లొసుగు అక్కడే ఉంది. వైద్యుడు తనకు తెలియదంటారు, యాజమాన్యం విచారిస్తామంటుంది, ఫోను జేబులోకి వెళ్లిపోతుంది. హెచ్‌ఐవీ రోగుల కోసం 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. మానసిక రోగుల గోప్యతకు అదే సంవత్సరం మరో చట్టం రక్షణ కల్పించింది. వార్డులలో ఫోన్ల వాడకానికి కట్టుబాటు లేనంతకాలం ఏ చట్టమైనా గోడ మీది కాగితమే.

గోప్యత చెదిరితే ఏమవుతుందో మన సముదాయం 2020లో చూసింది. నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చినవారి పేర్లు, ఫోను నంబర్లు జాబితాలుగా చేతులు మారాయి. ఢిల్లీ ప్రభుత్వ ఆరోగ్య బులెటిన్‌లో మర్కజ్ కేసులకు విడిగా ఒక వరుసే ఏర్పడింది. దానిని తొలగించమని ఢిల్లీ మైనారిటీల కమిషన్ లేఖ రాయవలసి వచ్చింది. రోగుల పేర్లను, వారి ప్రాంతాన్ని సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేయవద్దని, ఏ వర్గానికీ వ్యాధి ముద్ర వేయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 8న సలహా ఇచ్చింది. అప్పటికే జాబితాలు ఊరూరా తిరిగాయి. అద్దె ఇల్లు దొరకనివారు, కూరగాయల బండి తిప్పుకోలేకపోయినవారు మన పాఠకులలోనే ఉన్నారు.

అయితే మనలో మనం చెప్పుకోవలసిన మాట కూడా ఒకటి ఉంది. సహాయం కోరుతూ మన గ్రూపులలో తిరిగే విజ్ఞప్తులను చూడండి. మంచం మీద గొట్టాలతో ఉన్న మనిషి ముఖం, పరీక్షల రిపోర్టు, ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ ఒకే చోట. నిధి సమకూరుతుంది, ఆ ఫొటో మాత్రం అలాగే నిలిచిపోతుంది. అటువంటి విజ్ఞప్తులు మేమూ పంపాము. ఇక పంపబోము. జమాత్ పెద్దలు ఇద్దరు రిపోర్టు చూసి నిర్ధారిస్తే చాలు, మిగిలినవారికి అవసరం ఎంతో తెలిస్తే సరిపోతుంది. ఇయాదత్‌కు వెళ్లడం మంచి ఆచారమే. పరామర్శ పేరుతో పదిమంది మంచం చుట్టూ చేరి డాక్టరు ఏమన్నాడని ఆరా తీయడం వేరు సంగతి.

ఇంకా బాధాకరమైనది స్త్రీల విషయం. డాక్టరు భర్తతో మాట్లాడతాడు, అన్నతో మాట్లాడతాడు. మంచం మీద ఉన్న ఆమెకు తన గర్భసంచిలో ఏముందో చివరకు తెలుస్తుంది. ‘అమ్మీకి చెప్పకండి’ అని మనమే బతిమాలుతాము. మత్తులో ఉన్న ఒక వయోజన స్త్రీ గర్భాశయాన్ని ఆమె తల్లి అంగీకారంతో తొలగించిన కేసులో, ఆ అంగీకారం చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. కన్నతల్లి మాటే చెల్లనపుడు మరిది మాట, మామ మాట ఎలా చెల్లుతుంది? సమాచారం మొదట రోగిది. ఆమె ఎవరికి చెప్పమంటే వారిది.

ఆసుపత్రులను మనం కోరవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రోజుకొక నిర్ణీత వేళ, తలుపు ఉన్న ఒక గది, రోగి పేర్కొన్న ఒక్క బంధువు, వారికి అర్థమయ్యే తెలుగో ఉర్దూనో. అడిగినవారెవరో తెలియకుండా ఫోనులో జబ్బు పేరు చెప్పరాదు. మంచం తల దగ్గర బోర్డు మీద రాయరాదు. వరండాలో పేరు పిలిచి రిపోర్టు చదవరాదు.

కుటుంబాలకు కూడా ఒక సూచన. చేర్చుకునే నాడే, రోగి స్పృహలో ఉండగానే, తన పరిస్థితి ఎవరికి చెప్పాలో రాయించి సంతకం చేయించండి. రికార్డులు నోటితో అడగకండి. దరఖాస్తు రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇన్‌వార్డు నంబరు లేని కాగితం కాగితమే కాదని ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసిన అనుభవంతో చెబుతున్నాము. 72 గంటల లెక్క ఆ ముద్రతోనే మొదలవుతుంది. దరఖాస్తు నమూనాను తెలుగులోనూ ఉర్దూలోనూ వచ్చే సంచికలో ముద్రిస్తాము.

ఆ ముగ్గురు కొడుకులు కూడా కేసు షీటు బయటకు పోవడంపై ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఫిర్యాదు ఇచ్చారు. ఇన్‌వార్డు నంబరు పడింది. జవాబు ఇంకా రాలేదు. తండ్రి కోలుకుని ఇంటికి వచ్చారు. ఇప్పుడు నమాజుకు కాస్త దూరంలోని మస్జిదుకు వెళుతున్నారు.