డాక్టర్ ముందు మౌనం అదబ్ కాదు

మన ఇళ్లల్లో పెద్దల ముందు నోరెత్తకపోవడం అదబ్. ఉస్తాద్ ముందు, ఇమామ్ సాబ్ ముందు తల వంచుకుని వినడం చిన్నప్పటి నుంచి నేర్చుకున్న తహజీబ్. అదే అలవాటును ఆస్పత్రి గదిలోకీ తీసుకుపోతాం. డాక్టర్ సాబ్ చెప్తుంటే "జీ, జీ" అంటాం. బయట వరండాలోకి వచ్చాక "ఏం చెప్పాడు భాయ్?" అని ఒకర్నొకరు అడుగుతాం. జలుబు, జ్వరానికి ఇది నడుస్తుంది. సార్కోమా అనే మాట విన్న రోజు నడవదు.

సార్కోమా అంటే ఎముక, కండ, కొవ్వు, నరాల తొడుగు లాంటి చోట పుట్టే క్యాన్సర్. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి. పిల్లల్లో దీని వాటా ఇంకా ఎక్కువ. పేరు ఒకటే గానీ, లోపల 50కి పైగా రకాలున్నాయి. మామూలు ప్రాక్టీసు చేసే డాక్టర్‌కు అరుదుగా ఎదురయ్యే మర్జ్ ఇది. కాబట్టి సవాల్ అడగాల్సిన బాధ్యత మరీజ్ మీద, ఇంటివాళ్ల మీద ఎక్కువగా పడుతుంది.

మొదటి సవాల్: "కోసే ముందు బయాప్సీ చేస్తారా?" తొడలోనో భుజంలోనో గడ్డ కనిపిస్తే "రసోలీయే, చిన్న ఆపరేషన్‌తో తీసేద్దాం" అనే మాట మనం తరచూ వింటాం. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా ముందు ఎమ్మారై, ఆ తర్వాత సూదితో బయాప్సీ జరగాలి. సూది వెళ్లిన దారిని కూడా తర్వాత ఆపరేషన్‌లో తీసేయాల్సి రావచ్చు. అందుకే సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జన్ చెప్పాలి. అదేమిటో తెలియకుండా కోసేస్తే క్యాన్సర్ కణాలు చుట్టూ చెదురుతాయి. మళ్లీ ఇంకా పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. నిలబెట్టుకోగలిగే కాలు పోయే ఖత్రా కూడా ఉంది. ఇప్పటికే కోసేసి ఉంటే మాయూస్ కావద్దు. ఆపరేషన్ కాగితాలు, పాత స్కాన్లు, ల్యాబ్‌లోని స్లైడ్లు, బ్లాకులు అన్నీ అడిగి తీసుకుని సార్కోమా చూసే ఆస్పత్రికి వెళ్లండి.

పదిహేనేళ్ల పిల్లాడికి మోకాలి దగ్గర నొప్పి వారాల తరబడి తగ్గకపోతే, రాత్రి నిద్ర చెడగొడుతుంటే పహిల్వాన్ కట్టు కోసం పరుగెత్తకండి. ముందు ఎక్స్‌రే తీయించండి. గడ్డ మీద మాలిష్, హిజామా వద్దు.

రెండో సవాల్: "ఇది ఏ రకం? గ్రేడ్ ఎంత? ఎక్కడికైనా పాకిందా?" సార్కోమా ఎక్కువగా ఊపిరితిత్తులకు పాకుతుంది, అందుకే ఛాతీ సీటీ స్కాన్ అడుగుతారు. రకాన్ని బట్టి ఇలాజ్ మారుతుంది కాబట్టి, సార్కోమా బాగా చూసిన పాథాలజిస్టు రిపోర్టును మరోసారి చూశారా అని అడగండి. రెండో మష్వరా తీసుకోవడం మొదటి డాక్టర్ మీద బద్‌గుమానీ కాదు. మంచి డాక్టర్ దానికి నారాజ్ కాడు.

మూడో సవాల్: "ఈ ఇలాజ్ పూర్తిగా నయం చేయడానికా, మర్జ్‌ను అదుపులో పెట్టడానికా?" ఈ జవాబ్ తెలియకుండా ఇంటి జమీన్ అమ్మే నిర్ణయాలు తీసుకోకూడదు. కాలో చెయ్యో నిలబెట్టగలరా, కీమో ముందా ఆపరేషన్ ముందా, రేడియేషన్ అవసరమా, సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చుని ఈ కేసు మాట్లాడుకున్నారా అని కూడా అడగండి.

మన దగ్గర షరమ్‌తో ఆగిపోయే సవాళ్లు ఇంకొన్ని ఉన్నాయి. కొన్ని కీమో మందులతో సంతానయోగ్యత దెబ్బతినవచ్చు. పెళ్లి కాని పిల్లాడైనా, ఆడపిల్లైనా కీమో మొదలయ్యే ముందే దీని గురించి అడగాలి. వీర్యాన్ని, అండాలను భద్రపరిచే వీలుంది. తర్వాత అడిగితే ఆలస్యమైపోవచ్చు. తొడ మీదో నడుము కిందో గడ్డ ఉన్న ఔరత్ లేడీ డాక్టర్ కావాలని అడగవచ్చు, అది ఆమె హఖ్. లేడీ డాక్టర్ దొరకలేదని మాత్రం చూపించుకోవడం వాయిదా వేయకూడదు. రోజా గురించీ అడగండి. మరీజ్‌కు షరీఅత్ ఇచ్చిన రుఖ్సత్ ఉంది, ఖజా ఉంది, ఫిద్యా ఉంది.

ఖర్చు గురించి అడగడానికీ సిగ్గుపడతాం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షల రూపాయలు. దాంట్లో ఏమేం వస్తాయో, ఏవి రావో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే సర్కారీ క్యాన్సర్ దవాఖానా ఉంది. అప్పు చేసే ముందు అక్కడి దారి కూడా తెలుసుకోండి.

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి. "అమ్మీకి చెప్పకండి, తట్టుకోలేదు" అంటాం. డాక్టర్‌తో మామూ మాట్లాడతాడు, బేటా మాట్లాడతాడు, అమ్మీ బయట బెంచీ మీద కూర్చుంటుంది. లోపలికి వచ్చినా ఆమెకు ఉర్దూ, డాక్టర్‌కు తెలుగు. మధ్యలో కొడుకు తర్జుమా. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, తర్జుమాలో మాటలు ఎలా జారిపోతాయో నాకు తెలుసు. ప్రేమతో చేసే తర్జుమాలో ఇంకా ఎక్కువ జారిపోతాయి. "పాకింది" అన్న మాట "కొంచెం వాపు ఉంది" అయిపోతుంది.

ఆమె జిస్మ్ అల్లాహ్ ఆమెకిచ్చిన అమానత్. మనకు కాదు. ఆమె తీర్చాల్సిన ఖర్జ్ ఉండవచ్చు, రాయాల్సిన వసియ్యత్ ఉండవచ్చు, ఎవరినో పిలిచి ముఆఫీ అడగాలని ఉండవచ్చు. నిజం దాచి ఆ మొహ్లత్‌ను మనం లాక్కుంటున్నాం. అన్నీ తెలుసుకోవాలని అందరికీ ఉండదు, అదీ నిజమే. అలాంటప్పుడు ఆమెనే అడగండి: "అమ్మీ, డాక్టర్ చెప్పేదంతా నువ్వు వింటావా, మమ్మల్ని వినమంటావా?" ఫైసలా ఆమె చేయాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని సవాళ్లన్నీ ఒక కాగితం మీద రాయండి. మరీజ్ సవాళ్లు అన్నిటికంటే పైన ఉండాలి. టైమ్ తక్కువ ఉంటుంది కాబట్టి ముఖ్యమైన మూడింటికి గీత పెట్టండి. ఒకరు మాట్లాడితే ఇంకొకరు రాసుకోండి. ఇజాజత్ తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అర్థం కాకపోతే "డాక్టర్ సాబ్, ఇంకోసారి చెప్పండి" అనండి. చదువు రాని కుటుంబాలతో వెళ్లడానికి మొహల్లాలో చదువుకున్న ఒక నౌజవాన్‌ను తోడు పంపే పని మస్జిద్ కమిటీలు పెట్టుకోవచ్చు. చందా అడగడం కంటే ఇది తేలిక.

దుఆ చేద్దాం, తవక్కుల్ ఉంచుదాం. కాగితం మాత్రం జేబులో పెట్టుకుని వెళ్దాం. అల్లాహ్ మరీజులందరికీ షిఫా ఇవ్వాలి. ఆమీన్.