మతిమరుపు వ్యాధిగల పెద్దలకు సంరక్షణాలయం: పరిచారకులను చూచి ఎంచుకోండి

చికిత్సకు నాలుగు పాదాలు ఉంటాయని చరకసంహిత సూత్రస్థానంలో చెప్పబడినది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఈ నాలుగూ సక్రమంగా ఉన్నప్పుడే చికిత్స ఫలిస్తుంది. మన ఇళ్ళలో మొదటి రెండు పాదాల గురించి జరిగినంత చర్చ మూడవ పాదం గురించి జరగదు. ఏ వైద్యునికి చూపించాలి, ఏ మందు వాడాలి అని పదిమందిని అడుగుతాము. అర్ధరాత్రి రోగి లేచి వీధి తలుపు గడియ తీయబోతే పక్కన ఎవరు ఉంటారన్న ప్రశ్నను మాత్రం కోడలికో, కూతురికో వదలివేస్తాము.

డిమెన్షియా అని నేడు అందరూ పిలుస్తున్న మతిమరుపు వ్యాధిలో ఈ మూడవ పాదానికి గల ప్రాముఖ్యం అంతా ఇంతా కాదు. ఉత్తమ రోగికి ఉండవలసిన నాలుగు గుణాలలో చరకుడు మొట్టమొదట పేర్కొన్నది స్మృతి. తన బాధను తాను వివరించి చెప్పగలగడం మరొక గుణం. ఈ వ్యాధి సరిగ్గా ఆ రెండింటినీ హరిస్తుంది. నాలుగవ పాదం కుంగిపోయినప్పుడు దాని బరువు కూడా మూడవ పాదమే మోయాలి. అందువల్ల పెద్దవారిని సంరక్షణాలయంలో చేర్చవలసివస్తే భవనాన్ని, తోటను, ప్రకటనను పక్కన పెట్టి అక్కడి పరిచారకులను బట్టే నిర్ణయించాలని నా దృఢమైన అభిప్రాయం.

వయసు మీరినవారు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం సహజం. కళ్ళజోడు ఎందుకో మరచిపోవడం వ్యాధి. 1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జైమర్ వివరించిన వ్యాధి వీటిలో ప్రధానమైనది. మెదడుకు రక్తప్రసారం తగ్గడం వల్ల కలిగేది మరొకటి. మన దేశంలో 60 సంవత్సరాలు పైబడినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసినది.

అయితే మతి తప్పిన ప్రతివారికీ ఈ వ్యాధే ఉన్నదని అనుకోరాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ మందగించడం, తలకు దెబ్బ తగిలి మెదడు పొరల మధ్య రక్తం చేరడం, మానసికమైన కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు కూడా ఇటువంటి లక్షణాలనే కలిగిస్తాయి. రెండు మూడు రోజులలో హఠాత్తుగా మాట తడబడి మతి చెదరితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటి కారణం ఉండవచ్చు. ఇవి చాలావరకు సరిదిద్దదగినవి. కనుక వైద్యపరీక్షలు పూర్తి కాకుండా ఆశ్రమాల వెతుకులాట ఆరంభించవద్దు.

మా అత్తగారికి 74వ యేట ఈ వ్యాధి నిర్ధారణ అయినది. ఐదు సంవత్సరాలు ఇంట్లోనే చూసుకున్నాము. మొదట పప్పులో రెండుసార్లు ఉప్పు వేసేవారు. తరువాత గ్యాసు పొయ్యి తిప్పి, వెలిగించడం మరచి వచ్చేసేవారు. నాలుగవ యేట నన్ను చూచి, "ఎవరమ్మాయివి నువ్వు? మీ ఊరేది?" అని ఆప్యాయంగా అడిగేవారు. పొద్దు వాలగానే, "మా అమ్మ ఎదురుచూస్తుంటుంది, తెనాలి బండి తప్పిపోతుంది" అంటూ సంచి సర్దుకొనేవారు. స్నానం అంటే భయపడి చెయ్యి విసిరేవారు. రెండుసార్లు ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. రాత్రి నిద్ర లేక నా రక్తపోటు పెరిగినది. మావారికి ఉద్యోగం, మరిదిగారు అమెరికాలో, ఆడబిడ్డ విశాఖపట్నంలో.

సంరక్షణాలయం మాట ఎత్తగానే బంధువర్గంలో కలకలం రేగినది. "కోడలు అత్తగారిని ఆశ్రమంలో పడేసిందంటారు, మన పరువేం కావాలి?" అని మామగారి వైపు పెద్దాయన ఒకరు అన్నారు. "ఒక్క వారం రాత్రులు అత్తయ్యగారి గదిలో పడుకోండి బాబాయిగారూ, ఆ తరువాత మీరు ఏం చెబితే అది చేస్తాను" అన్నాను. ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు బాధ్యత పంచుకోగలిగితే, పగలు ఒక ఆయా దొరికితే, అలవాటైన ఇల్లే ఆ రోగికి ఉత్తమం. ఈ మాటతో నాకు విభేదం లేదు. కానీ రోగి తరచు ఇల్లు విడిచి వెళ్ళిపోతున్నా, లేవదీయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చినా, చూసుకొనేవారే జబ్బుపడినా ఆ ఇల్లు ఆమెకు క్షేమకరం కాదు. అలసిన చేయి తెలియకుండానే మొరటుదవుతుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. పెద్దలను పూర్తిగా వదిలించుకొనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని అందులో ఉన్నది. చట్టం నేరమన్నది ఆ విడిచిపెట్టడాన్ని. యోగ్యమైన చోట చేర్చి, వెళ్ళి చూచుకుంటూ ఉండడం అది కాదు.

మేము విజయవాడలోను, హైదరాబాదులోను ఆరు చోట్లకు వెళ్ళి చూశాము. పరిచారకునికి చరకుడు చెప్పిన గుణాలు నాలుగు: ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. ఈ నాలుగింటినీ ప్రశ్నలుగా మార్చుకొని వెళ్ళాము. పాఠకులకు ఉపకరిస్తాయని ఇక్కడ వివరిస్తున్నాను.

ఉపచారజ్ఞత

అంటే సేవ చేసే విధానం తెలిసి ఉండడం. కార్యాలయంలో కూర్చున్న మేనేజరును కాక అన్నం తినిపించే ఆయాను అడగండి. "అమ్మ దగ్గరకు వెళ్ళాలని ఆమె పట్టుబడితే ఏమంటావమ్మా?" అని నేను ప్రతిచోటా అడిగాను. "మీ అమ్మ పోయి చాలా ఏళ్ళయిందని చెప్తాం" అన్నది ఒకామె. ఆ మాట విన్న ప్రతిసారీ రోగికి అది కొత్త చావు, కొత్త దుఃఖం. మరొకచోట ఒకామె, "మీ అమ్మగారు ఏం వండేవారండీ అని అడుగుతాను, మాటల్లో పెట్టి నాలుగడుగులు నడిపిస్తాను, కాసేపటికి నెమ్మదిస్తారు" అన్నది. ఆమె పెద్దగా చదువుకోలేదు, కానీ ఉపచారం తెలిసిన మనిషి.

భోజన సమయంలో కూడా ఉండి చూడండి. వ్యాధి ముదిరినకొద్దీ మింగడం కష్టమవుతుంది, తరచు పొలమారుతుంది, ఆహారం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపి, చిన్న ముద్దలు పెట్టి, ఒక ముద్ద మింగిన తరువాతనే రెండవది పెట్టాలి. పడుకోబెట్టి గబగబా పోసే చోటు నుంచి వెనుదిరగండి.

దాక్ష్యం

నేర్పు ఎంత ఉన్నా మనుషులు చాలకపోతే ప్రయోజనం లేదు. పగలు ఎందరు, రాత్రి ఎందరు, ఒక్కొక్కరికి ఎందరు రోగులు అని వేర్వేరుగా అడగండి. చాలాచోట్ల పగటి సంఖ్య చెప్పి ఊరుకుంటారు. ఆయాలు తరచు మారిపోతున్నారా అన్నది కూడా తెలుసుకోండి. ముఖాలు గుర్తుండని రోగికి చేతి స్పర్శ, గొంతు అలవాటవుతాయి. నెలకొక కొత్త గొంతు భయాన్నే పెంచుతుంది.

మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపుపైన, పిరుదులపైన, మడమలపైన పుండ్లు పడతాయి. తిప్పిన వేళలు వ్రాసే పుస్తకం ఉంటే చూపమనండి. స్నానాలగదిలో పట్టుకొనే కడ్డీలు, జారని నేల, రాత్రి వెలుగు ఉన్నాయా, గేటు దగ్గర కాపలా ఉన్నదా అన్నవి మీ కళ్ళతో చూడవలసినవి.

భాష మాట మరువవద్దు. వ్యాధి ముదిరినకొద్దీ తరువాత నేర్చిన భాషలు జారిపోయి చాలామంది మాతృభాషకే పరిమితమవుతారు. మా అత్తగారు ఉద్యోగరీత్యా ఇంగ్లీషు, హిందీ ధారాళంగా మాట్లాడినవారే. ఇప్పుడు "దప్పిక" అన్న మాట ఒక్కటే పలుకుతుంది. రాత్రి విధుల్లో ఉన్నవారికి ఆ మాట అర్థం కావాలి కదా!

అనురాగం

దీనిని ప్రశ్నలతో తెలుసుకోలేము. ముందుగా చెప్పకుండా సాయంకాలం వెళ్ళండి. పగటి చివరి భాగం వాతకాలమని, వార్ధక్యంలో వాతం ప్రబలమని మన శాస్త్రం చెబుతుంది. డిమెన్షియా రోగులలో చాలామందికి సాయంత్రం నుంచి ఆందోళన, తిరుగుడు ఎక్కువవుతాయని ఆధునిక వైద్యులు కూడా గుర్తించారు. ఉదయం పదకొండు గంటలకు ఏ ఆశ్రమమైనా ప్రశాంతంగానే కనిపిస్తుంది. సాయంత్రం ఆరు గంటలకు ఆయాలు రోగితో ఏ గొంతుతో మాట్లాడుతున్నారో వినండి. "అమ్మమ్మగారూ" అని పిలుస్తున్నారా, "ఏయ్ ముసలమ్మా" అంటున్నారా?

ఎవరినైనా కుర్చీకో, మంచానికో కట్టి ఉంచారేమో గమనించండి. తక్షణ ప్రమాదాన్ని తప్పించడానికి వేరే మార్గమే లేనప్పుడు, మానసిక వైద్యుని అనుమతితో మాత్రమే బంధనం వాడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. మాత్రలతో కట్టివేయడం మరొక విధమైన బంధనం. ఉద్రేకాన్ని అణచే కొన్ని మందులు డిమెన్షియా గల వృద్ధులలో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించినది. పట్టపగలు అందరూ మగతగా తూలుతున్న హాలును చూచి, "ఎంత నిశ్శబ్దంగా ఉన్నదో" అని మురిసిపోవద్దు.

శౌచం

అగరువత్తుల పరిమళం హాలులో ఉంటే వెనుక గదులకు వెళ్ళండి. రోగుల గోళ్ళు, నోరు, పాదాలు చూడండి. ఎవరి బట్టలు వారివేనా, కట్టుడు పళ్ళు, కళ్ళజోళ్ళు కలిసిపోకుండా పేరు వ్రాసి ఉంచుతున్నారా? డైపరు తడిసిన ఎంతసేపటికి మారుస్తారు? బట్టలు మార్చేటప్పుడు తలుపు వేస్తారా? శౌచం అంటే శుభ్రతతో పాటు మర్యాద కూడా అని నేను అర్థం చేసుకున్నాను.

ఇక ఔషధం విషయం. మేము చూచిన ఒకచోట, మూడు నెలలలో జ్ఞాపకశక్తిని తిరిగి తెప్పిస్తామని బోర్డు పెట్టి, ఆయుర్వేదం పేరు చెప్పి పెద్ద మొత్తం ముందుగా అడిగారు. వ్యాధులలో సాధ్యాలు, కష్టసాధ్యాలు, యాప్యాలు, అసాధ్యాలు ఉంటాయని నిష్కపటంగా చెప్పిన శాస్త్రం మనది. యాప్యం అంటే పూర్తిగా నయం కాకపోయినా ఉపచారంతో నెట్టుకురాదగినది. అల్జైమర్ వ్యాధిని నయం చేసే మందు నేటికీ ఏ వైద్యవిధానంలోను లేదు. నయం చేస్తామని వాగ్దానం చేసే సంరక్షణాలయం ఆయుర్వేదానికే అపచారం చేస్తున్నది. దానిని నిరాకరించండి.

సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చరకుడు మేధ్య రసాయనాలుగా చెప్పాడు. వాటిపై నాకు గౌరవం ఉన్నది. అయినా వైద్యుని అడగకుండా ఆశ్రమానికి పొట్లాలు పంపవద్దు. అతిమధురం ఎక్కువగా వాడితే రక్తపోటు పెరిగి, పొటాషియం తగ్గవచ్చు. మీరు ఇంట్లో ఇచ్చే ప్రతి చూర్ణం, ప్రతి మాత్ర పేరు వారికి వ్రాసి ఇవ్వండి.

నెలసరి రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో, డైపర్లకు, డాక్టరుకు, ప్రత్యేక ఆయాకు వేరే చెల్లించాలా, డిపాజిట్టు తిరిగి వస్తుందా, ఆసుపత్రిలో చేర్చవలసివస్తే ఎవరు వెంట వెళతారు, మంచం పట్టిన తరువాత కూడా ఉంచుకొంటారా అన్నవన్నీ కాగితంపై వ్రాయించుకోండి. 1992లో కేరళలో ఆరంభమైన అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఈ రోగుల కుటుంబాలకు మార్గదర్శనం చేస్తున్నది. వయోవృద్ధుల జాతీయ సహాయవాణి 14567కు కూడా ఫోను చేయవచ్చు.

చేర్చినంత మాత్రాన మన పాత్ర ముగియదు. ఆమెను ఏమని పిలవాలి, కాఫీలో చక్కెర ఎంత, ఏ పాటకు నెమ్మదిస్తారు, దేనికి భయపడతారు అన్నది ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చాము. వారానికి రెండుసార్లు, వేళ మార్చి వెళుతున్నాము. నెలకొకసారి బరువు అడుగుతాము, మడమలు చూస్తాము. నువ్వుల నూనెతో పాదాలు మర్దనా చేస్తాను. ఆమె నన్ను గుర్తుపట్టరు. రెండు సంవత్సరాలలో ఒంటిమీద ఒక్క పుండు పడలేదు, బరువు తగ్గలేదు. నాకు రక్తపోటు అదుపులోకి వచ్చినది. ఆశ్రమం ఎంపిక సరైనదని చెప్పడానికి ఇంతకంటే వేరే నిదర్శనం నాకు అక్కరలేదు.

పాఠకులకు చివరగా ఒక విన్నపం. మీ ఇంటి పెద్దవారిలో ఈ వ్యాధి ఆరంభదశలో ఉంటే, మాట స్పష్టంగా ఉన్నప్పుడే వారిని కూర్చోబెట్టుకొని అడగండి. ఇంట్లో సాగనినాడు ఎక్కడ ఉండాలని కోరుకుంటారు, ఎవరు నిర్ణయించాలి? తమకు జరగవలసిన చికిత్స, సంరక్షణల గురించి ముందుగా వ్రాతపూర్వకంగా తెలిపే హక్కును, తమ తరఫున ఒక ప్రతినిధిని నియమించుకొనే హక్కును 2017 చట్టం కల్పించినది. ఆ మాట అడగడం అమంగళమని తలచి వాయిదా వేస్తే, రేపు ఆమె బదులు బంధువులు మాట్లాడతారు. ఆమె జీవితం గురించి ఆమె అభిప్రాయం తెలుసుకొనే వ్యవధి చాలా స్వల్పం. ఈ వారమే అడగండి.