ఏది చిత్తు కాగితము?

విద్యాలయముల వార్షికోత్సవములలో ఈనాడు ఒక వేడుక సర్వత్ర కానవచ్చుచున్నది. విద్యార్థులు పాత కాగితములతో దుస్తులు కూర్చుకొని, పాటల హోరులో వేదికపై వయ్యారముగా నడతురు. నిన్నటి దినపత్రిక కుచ్చెళ్లగును. అట్టపెట్టె నడుముపట్టీ యగును. చుట్టలు చుట్టిన కాగితపు పేలికలు పూలదండలగును. లోపల పాత గుడ్డ అస్తరు వేసి, మైదాజిగురుతో అతికి, చెమటకు చిరుగకుండ టేపు అంటింతురు. దీనికి ఫ్యాషన్ షో యని పేరు. 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' అని బిరుదు. చంద్రపురమునందలి మన తెలుగు పిల్లలును ఇందులో పాల్గొని బహుమతులు తెచ్చుకొనుచున్నారు. ఈ వేడుకపై మాకు విరోధము లేదు. మా విరోధము ఆ దుస్తులకు కాగితము సమకూర్చు ఇండ్లతో. అనగా మన ఇండ్లతోనే.

ముందుగా, వేడుకనే తిట్టుచున్న పెద్దలకు ఒక మాట. కాగితము కట్టుకొని పదిమందిలో నడచుట మర్యాద గాదని వారి ఆక్షేపణ. చిందు భాగవతుల కిరీటములును, భుజకీర్తులును తేలికకొయ్యతో చేసి రంగు పూసినవే గదా. వానిని ధరించినవాడు రాజుగాక పోయెనా? మన అవ్వలు చిత్తు కాగితములను నానబెట్టి, మెంతులు చేర్చి రుబ్బి, బోర్లించిన కుండపై మెత్తి, ఆరిన పిమ్మట ఊడదీసి బుట్టలు చేసికొనిరి. జపానులో బౌద్ధ భిక్షువులు కాగితపు అంగీలు శతాబ్దముల పర్యంతము ధరించిరి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. దుకాణములో కొత్త రంగుకాగితము కొని, కత్తిరించి, మరునాడు చెత్తకుప్పలో వేసి, దానికి పునర్వినియోగమని పేరు పెట్టుట మాత్రము సిగ్గుచేటే. 1966లో అమెరికాలో స్కాట్ పేపర్ కంపెనీ తన సరుకుల ప్రచారమునకై ఒక కాగితపు గౌనును 1.25 డాలర్లకు అమ్మినది. ఏడాది లోపల సుమారు 5 లక్షలు చెల్లినవి. కొద్ది యేండ్లలోనే ఆ మోజు అణగిపోయినది. పారవేయుటకే పుట్టిన దుస్తు అది. మన పిల్లలకు ఆ పాఠము వలదు.

కాగితమనగా మనవారికి పరాయి వస్తువు గాదు. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తియైన పిమ్మట తెలుగుసీమకును ఈ చాందా సీమకును దారి సుగమమైనది. ఆ మార్గముననే 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపితమైనది. కొత్తపేట యను ఊరు దానివలననే కాగజ్‌నగర్ అయినది. మార్గపు ఈ చివర 1945లో బల్లార్‌పూర్ మిల్లు లేచినది. బొగ్గుగనులకు కొందరు, కాగితపు మిల్లుకు కొందరు, వర్తకమునకు కొందరు మన పెద్దలు వచ్చి ఇక్కడ స్థిరపడిరి.

వెదురు కాగితమగుటకు ఎంత అడవి, ఎంత నీరు, ఎంత నిప్పు కావలెనో మిల్లు కుటుంబములకు చెప్పనక్కరలేదు. వెదురును ముక్కలుగా నరికి, క్షారములతో ఉడికించి, కడిగి, తెల్లబరచి, ఆ గుజ్జును జల్లెడపై పలుచగా పారించి, నీరు పిండి ఆరబెట్టిన గాని ఒక తావు పుట్టదు. ఆ వెదురు ఎవరిది యను వివాదమును మన పొరుగుననే నడచినది. గడ్చిరోలి జిల్లాలోని మెంఢా-లేఖా గ్రామసభ అటవీహక్కుల చట్టము ననుసరించి 2011లో తన వెదురును తానే అమ్ముకొను హక్కు సాధించినది. ఇంత కష్టముతో పుట్టిన పదార్థమును రెండవ మారు, మూడవ మారు వాడుట ధర్మమే. పాత కాగితమును నీటిలో చిలికిన పీచు విడివడి తిరిగి తావగును. మారు మారునకు ఆ పీచు పొట్టియగుచు, ఐదారు మారులకో ఏడవ మారునకో బలముడిగి పనికిరాకపోవును. పీచునకు అన్ని జన్మలు గలవు. దానిపై చేతితో వ్రాసిన అక్షరమునకు ఒక్కటే జన్మ.

ఇక అసలు సంగతికి వత్తుము. ఒక ప్రదర్శనలో, అది ఏ విద్యాలయమో చెప్పము, ఒక బాలిక పరికిణీ అంచు చుట్టును గుండ్రని అక్షరములు కనబడినవి. దగ్గరకు పోయి చూచితిమి. తెలుగు! ఒక కుచ్చెలపై పంచాంగపు తిథివార నక్షత్రములు; ఒకదానిపై ఏదో నవలలోని ప్రకరణము; వేరొకదానిపై భారత పద్యము, దాని ప్రక్కనే ఎవరో నల్లసిరాతో వ్రాసికొన్న అర్థము. ఇదేమమ్మా యని అడిగితిమి. "గది డిజైన్. తాత బుక్కులవి. ఇంట్ల ఎవ్వరు చదువరు" అని ఆ బిడ్డ నవ్వినది. బహుమతి ఆమెకే వచ్చినది. ఆ అక్షరముల వంపుసొంపులను న్యాయనిర్ణేతలు మెచ్చుకొనిరట. మెచ్చుకొనదగినవే. బిడ్డ దోషము రవంతయు లేదు. అక్షరము నేర్పనివారే పుస్తకమును, కత్తెరను చేతికిచ్చిరి.

ఆ తల్లిదండ్రుల వాదము మేమెరుగుదుము. ఎన్నో ఇండ్లలో విన్నదే. పిల్లలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు. పుస్తకములకు చెద పట్టుచున్నది. ఇల్లు చిన్నది. రద్దీవానికి తూకము వేయుటకంటె బిడ్డ బహుమతికి ఉపకరించుట మేలు గదా! ఇందులో ఇల్లు చిన్నదను మాట నిజము. మిగిలినది సాకు. చదువువారు లేనంత మాత్రమున చిత్తు కాగితమగునేని, మన మరాఠీ సోదరుల ఇండ్లలోని మోడీలిపి పత్రములన్నియు ఎన్నడో మంటపాలు కావలసినవి. శతాబ్దముల తరబడి మహారాష్ట్రపు లెక్కలు, లేఖలు, భూముల పత్రములు ఆ లిపిలోనే నడచినవి. ఇరువదవ శతాబ్దపు నడుమ నాటికి అది వాడుక నుండి తొలగినది. మనుమలలో అనేకులకు అందులో ఒక్క ముక్క రాదు. అయినను ఎందరో ఆ మూటలను పారవేయక దాచిరి. నేడు ఆ లిపి నేర్పు తరగతులు నడచుచున్నవి. నేర్చినవారు పాత పత్రములు విప్పి చదువుచున్నారు. దాచినవారు చదువరులు గారు. చదువరులు పిమ్మట వచ్చిరి. పొరుగింటివారి ఈ బుద్ధి మనకేల లేకపోయెను?

మరికొందరు, అన్నియు అంతర్జాలములో నున్నవి గదా యందురు. అచ్చు పుస్తకములు వేలకొలది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున ప్రతులెక్కిన మాట వాస్తవము. కాని మీ తాత భారతపు అంచున వ్రాసికొన్న అర్థము ఏ గ్రంథాలయమునను లేదు. గనిలో చేరిన తొలినాళ్లలో ఊరినుండి ఆయనకు వచ్చిన ఉత్తరములు, మీ అవ్వ బతుకమ్మ పాటలు వ్రాసికొన్న నోటుపుస్తకము, కాలనీలో ఆడిన నాటకపు చేతిప్రతి, కొట్టు చిట్టా, ఇవి ప్రపంచమున ఒక్కొక్క ప్రతియే. సంఘముల సంచికలును ఇంచుమించు అంతే. (ఈ సంచిక ఎన్ని యేండ్లకు ఏ పరికిణీ అంచునకు చేరునో!)

2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున 13 లక్షలకు పైబడి తెలుగు తమ మాతృభాష యని చెప్పుకొనిరి. వారిలో తెలుగు చదువగలవారెందరో ఆ లెక్క చెప్పదు. ఈ గడ్డపై తెలుగక్షరము నిన్న మొన్న వచ్చిన అతిథి గాదు. 'ఆంధ్రపత్రిక' 1908లో పుట్టినది బొంబాయిలో. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1914లో దానిని మద్రాసున దినపత్రిక గావించిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపురమున చదివి, మరాఠీలోను వ్రాయనేర్చిన పండితులు. వారే తెలుగువారికి విజ్ఞానచంద్రికా గ్రంథమాలను సమకూర్చి, విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. వారి అక్క భండారు అచ్చమాంబగారు తమ్మునితోపాటు చదువు నేర్చి, తెలుగున కథలను, స్త్రీల చరిత్రలను వ్రాసిరి. మరాఠీ చదువు వారికి తెలుగును మరపింపలేదు. మన ఇండ్లలో తెలుగు పోవుటకు మరాఠీ కారణమనువారు ఈ అక్కాతమ్ములకేమి సమాధానము చెప్పుదురు?

మా కోరిక పెద్దదేమియు గాదు. ఇకమీదట బిడ్డ కాగితము అడిగినపుడు నిన్నటి దినపత్రికను, అది ఏ భాషదైనను, ఇయ్యుడు. అట్టపెట్టెలు, ప్రకటనపత్రములు, వాడిన బడిపుస్తకములు ఇయ్యుడు. తాతల నాటి తెలుగు అచ్చుగాని, చేతివ్రాతగాని యున్నదానిని చదువవచ్చినవారికి చూపక కత్తెరకు ఈయకుడు. సంఘమువారును ఒక ఇనుప బీరువా కొనవలెను. వార్షికోత్సవపు షామియానాలో ఒక వరుస తగ్గించిన చాలును. పంచాంగముల రెండవ ప్రతులను, చెదతిన్న పుటలను పిల్లల వేడుకకే పంపుదము. అందులో మాకు లోభము లేదు. అయితే కత్తెర పెట్టుటకు ముందు ఆ పుటను ఆ బిడ్డచేత ఒక్కసారి కూడబలికి చదివింపవలెను. బిడ్డకు రాదందురా, ప్రక్కన కూర్చుండి మీరు చదివి వినిపింపుడు. మీకును రాదందురా, ఆదివారము ఆ పుటతో సంఘమునకు రండు. చదువగల ముసలివారు మనలో ఇంకను కొందరున్నారు.