కట్టు విప్పాక ఏడాది

పిల్లల ఎముక తొందరగా అతుక్కుంటుంది. ఆ మాట నిజమే. పెద్దవాళ్లకు విరిగిన తొడ ఎముక అతకడానికి నెలలు పడితే, నాలుగైదేళ్ల పిల్లవాడు ఆరు వారాల్లో కట్టు విప్పించుకుంటాడు. కానీ ఈ నిజమే తల్లిదండ్రులను ఏమరుపాటులోకి నెడుతోంది. ఎముక అతుక్కోవడం వేరు, కాలు సవ్యంగా ఎదగడం వేరు.

పెరిగే వయసులో పొడవాటి ఎముకల కొసల దగ్గర పలచని మృదులాస్థి పొర ఉంటుంది. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడుగు సాగేది అక్కడే. ఎక్స్‌రేలో అది నల్లటి గీతలా కనిపిస్తుంది. చుట్టూ ఉండే లిగమెంట్లకన్నా బలహీనమైనది కాబట్టి, పెద్దవాళ్లకు బెణికే దెబ్బకే పిల్లలకు ఈ పొర చిట్లవచ్చు. టొరంటో సర్జన్లు సాల్టర్, హారిస్ 1963లో ఈ దెబ్బలను ఐదు రకాలుగా విడదీశారు. నేటికీ వైద్యులకు ఆ లెక్కే ఆధారం.

అన్నిట్లోకీ భయపడాల్సింది మోకాలికి పైన, తొడ ఎముక కొసన తగిలే దెబ్బకు. కాలి ఎదుగుదలలో మూడో వంతుకు పైగా అక్కడి నుంచే వస్తుంది, ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు. ఆ చోట పొర విరిగినవారిలో ఇంచుమించు సగం మందికి ఎదుగుదలలో ఏదో ఒక తేడా వస్తుంది. పదేళ్ల అబ్బాయికి అది పూర్తిగా మూసుకుపోతే, ఎదుగుదల ఆగేనాటికి ఆ కాలు ఐదారు సెంటీమీటర్లు పొట్టిగా మిగులుతుంది. ఒక పక్కే మూసుకుపోతే కాలు వంకర తిరుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే సంగతీ ఉంది. రెండు నుంచి పదేళ్ల లోపు పిల్లలకు తొడ ఎముక నడిమధ్యన విరిగితే, అతుక్కున్నాక ఆ కాలే సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ పెరుగుతుంది. అందుకే విరిగిన ముక్కలు కాస్త ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నా డాక్టరు కొన్నిసార్లు అలాగే కట్టేస్తారు. ఎక్స్‌రే చూసి కంగారుపడే తండ్రికి ఈ ముక్క ముందే చెబితే ఎంత మేలు!

ఇవన్నీ నెలల మీద బయటపడేవి. గంటల్లో ముంచేది మరొకటుంది, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. మోకాలి కింద ఎముక విరిగితే లోపల రక్తం చేరి పిక్క కండరాలు ఉబ్బుతాయి. వాటిని చుట్టి ఉన్న గట్టి పొర సాగదు. ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందదు. ఆరు గంటలు దాటితే కండరం, నరం శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు చెప్పలేరు. ఒకటే ఏడుపు, కుదురులేనితనం, ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గని నొప్పి, కాలివేళ్లు కదిపితే కెవ్వుమనడం. ఇవే గుర్తులు. పాదంలో నాడి అందుతోంది కదా అని ధీమా పడకూడదు. కట్టు వెంటనే వదులు చేయాలి, అవసరమైతే ఆపరేషన్‌తో ఆ పొరను తెరవాలి.

ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలతో వేసే పుత్తూరు కట్టు మీద తెలుగువాళ్లకు తరాల నమ్మకం. దాన్ని వెటకారం చేస్తే ఒరిగేదేమీ లేదు. కట్టు వేసింది నాటువైద్యుడైనా కార్పొరేట్ ఆసుపత్రి అయినా, వాచే కాలిని చుట్టూ బిగిస్తే ముప్పు ఒకటే. అయితే గ్రోత్ ప్లేటు దెబ్బను ఎక్స్‌రే లేకుండా చేత్తో తడిమి తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఇంగ్లీషులో ఇచ్చే డిశ్చార్జి కాగితం మీద ఈ హెచ్చరికలు తెలుగులో ఎందుకుండవు? కట్టు విప్పాక కనీసం ఏడాదిపాటు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించాలన్న ఒక్క వాక్యం చాలు. తేడా తొందరగా బయటపడితే ఆ పొరకు అడ్డంగా ఏర్పడిన ఎముకను తొలగించి ఆ చోట కొవ్వు నింపవచ్చు, లేదా సరైన వయసులో రెండో కాలి ఎదుగుదలను ఆపి సమం చేయవచ్చు. రెండిటికీ పిల్లవాడిలో ఇంకా ఎదిగే కాలం మిగిలి ఉండాలి. ఆసుపత్రి రమ్మనకపోయినా తల్లిదండ్రులే తీసుకెళ్లి, రెండు కాళ్లూ కొలిపించండి.