ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు

మానుకోట ప్రాంతంలోని ఒక చిన్న కథోలిక దేవాలయంలో ఆదివారం ఉదయం నేను కూర్చునే వరుసలో మరో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు తండా నుంచి వచ్చే లంబాడా రైతు. ఇంకొకరు గుంటూరు వైపు నుంచి తాతల కాలంలో వలస వచ్చి ఇక్కడ భూములు కొన్న రెడ్డి కుటుంబపు పెద్ద. నేను మాదిగను. ముగ్గురం ఒకే వాక్యం వింటాం. ఒకే గురువు చేతి నుంచి దివ్యసత్ప్రసాదం అందుకుంటాం. మర్నాడు మా పిల్లలు కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్తే ముగ్గురికీ మూడు చట్టాలు ఎదురవుతాయి. లంబాడా రైతు కొడుకుకు ఎస్టీ పత్రం వస్తుంది. అతడు ఏ దేవుణ్ని మొక్కుతాడో చట్టం అడగదు. రెడ్డిగారి మనుమడు రెడ్డిగానే ఉంటాడు. అతని భూమికి గానీ పరపతికి గానీ మతం అడ్డురాదు. నా బిడ్డను మాత్రం 'ఏ మతం?' అని అడుగుతారు. నిజం చెబితే ఆమె ఎస్సీ కాకుండా పోతుంది. ముగ్గురూ పొందిన జ్ఞానస్నానం ఒకటే అయినా, దానికి మూల్యం చెల్లించేది ఒక్కరే.

ఈ అన్యాయంపై మా సంఘాలు చాలాకాలంగా మాట్లాడుతున్నాయి. ఏటా ఆగస్టు 10ని బ్లాక్ డేగా పాటిస్తున్నాయి. 1950లో ఆ తేదీనే వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి బయటపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. ఇదంతా తెలిసిన చరిత్రే. నేను చెప్పదలచింది ఇంకొకటి ఉంది. రాజ్యం మా కులాన్ని కాగితం మీద కొట్టివేస్తుంటే, మా చర్చి దాన్ని వారం వారం నిలబెడుతోంది. ఒకదాన్ని ప్రశ్నించి మరొకదాని విషయంలో మౌనంగా ఉంటే మన వాదానికి బలం ఉండదు.

ముందుగా, మా పెద్దలు ఈ విశ్వాసంలోకి ఎందుకు వచ్చారో చెప్పాలి. ఓరుగల్లు మేత్రాసనం 1952 డిసెంబరులో హైదరాబాదు నుంచి విడివడి ఏర్పడింది. దాని మొదటి పీఠాధిపతి అల్ఫోన్సో బెరెట్టా ఇటలీ దేశస్థుడు, మిలాను మిషను గురువు. అయితే మా వాడకు ఈ విశ్వాసాన్ని నడిపించుకొచ్చింది విదేశీ గురువుల కంటే ఎక్కువగా ఉపదేశులు. మా నాయన అలాంటి ఉపదేశి. ఒక్కొక్క విచారణ గురువు కింద ఎన్నో ఊళ్లు ఉండేవి. గురువు వంతులవారీగా వచ్చేవారు. ఆయన రాలేని ఆదివారాల్లో ఊరి ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, రోగి మంచం పక్కన కూర్చునేది, శవం వెంట నడిచేది ఉపదేశే. తపస్సుకాలం శుక్రవారాల్లో సిలువమార్గం, అక్టోబరులో ఇంటింటా జపమాల, నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు, ఇలా మా ఏడాదికి ఒక లెక్క ఏర్పడింది. బడి వచ్చింది. దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకొని నడిచిన మనిషి పేరును ఒక పుస్తకంలో సిరాతో రాసి, 'నీవు దేవుని బిడ్డవు' అన్నారు. ఆ మాట విలువ తెలియనివాళ్లే దాన్ని పిండిపాలకు, గోధుమ రవ్వకు అమ్ముడుపోవడమంటారు.

ఆ పుస్తకంలో రాసిన పేరే ఇప్పుడు చిక్కయింది. మా అమ్మకు రెండు పేర్లు. జ్ఞానస్నాన రిజిస్టరులో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. గుడిలో ఆమెను మొదటి పేరుతో పిలుస్తారు, ఆస్పత్రిలో రెండో పేరుతో. చిన్నప్పుడు ఇది అందరి ఇళ్లలోనూ ఉండేదే అనుకున్నాను. చదువుకున్నాక తెలిసింది, రెడ్డిగారి ఇంట్లో ఎవరికీ రెండు పేర్లు లేవని. ఆయన పునీతుడి పేరును ఇంటిపేరుతోనూ కులం పేరుతోనూ కలిపి గేటు మీద చెక్కించుకున్నాడు. మేము పునీతుల పేర్లను పెట్టె అడుగున దాచుకున్నాం.

పోయిన ఏడాది డిగ్రీ చదివే ఒక అమ్మాయి దరఖాస్తు నింపడానికి నా దగ్గరికి వచ్చింది. మతం అన్న చోట కలం ఆపి, 'సార్, ఇక్కడ హిందూ అని రాస్తే నేను అబద్ధం ఆడినట్టేనా?' అని అడిగింది. ఆమె ఆదివారం గుడిలో మొదటి పఠనం చదివే పిల్ల. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె 'క్రిస్టియన్' అని రాస్తే రాష్ట్రంలో దొరికేది బీసీ-సి. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికీ వారి సంతతికీ కలిపి కేటాయించిన వాటా ఒక్క శాతం. 'హిందూ' అని రాస్తే, 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి వచ్చిన వర్గీకరణ ప్రకారం మాదిగలున్న రెండో గ్రూపులో తొమ్మిది శాతం. ముప్పై ఏళ్ల దండోరా పోరాటం ఆ తొమ్మిది శాతాన్ని సాధించింది. ఆ డప్పు కొట్టినవాళ్లలో మెడలో జపమాల ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు.

విద్యా ఉద్యోగాలతోనే విషయం ఆగిపోదు. ఎస్సీ రిజర్వుడు వార్డులో పోటీ చేసే హక్కు, అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ కూడా పోతాయి. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఆ చట్టాన్ని ఆశ్రయించలేడని తీర్పు చెప్పింది. కారంచేడులో, చుండూరులో గొడ్డళ్లు పట్టుకొని వచ్చినవాళ్లు ఎవరి జ్ఞానస్నాన పత్రాన్నీ అడగలేదు. దాడికి కులం సరిపోయింది. రక్షణ దగ్గరికి వచ్చేసరికి మతం కావాలంటున్నారు.

జ్ఞానస్నానంతో కులం పోతుందని వాదించేవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. క్రైస్తవం నుంచి తిరిగి హిందూ మతంలోకి వచ్చిన వ్యక్తిని అతని కులం వాళ్లు అంగీకరిస్తే ఎస్సీ హోదా తిరిగి లభిస్తుందని సుప్రీంకోర్టు 2015లో కె.పి. మను కేసులో చెప్పింది. పోయిన కులం తిరిగి ఎక్కడి నుంచి వచ్చింది? రెండు తరాల పాటు అది ఎక్కడ దాగింది? అది ఎక్కడికీ పోలేదు. ఊరి చివర అదే వాడలో, అదే కూలిలో, అదే చూపులో ఉంది. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఈ సంగతి 1977లోనే తెలుసు. అందుకే జీవో 341 ద్వారా కొన్ని ఆర్థిక రాయితీలను ఎస్సీ క్రైస్తవులకూ వర్తింపజేసింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్ల గడువు ఇచ్చారు. తర్వాత ఆ గడువును పొడిగించారు. ఈ లోపల ఒక తరం పిల్లలు డిగ్రీలు పూర్తిచేసి కూలికి పోతున్నారు.

ఇక మా ఇంటి సంగతి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడు ఫలానా వారి కుమార్తెను వివాహమాడనున్నాడు, అభ్యంతరాలుంటే తెలపండి అని. నలభై ఏళ్లుగా ఆ ప్రకటనలు వింటున్నాను. వాడకూ ఊరికీ మధ్య గీత దాటినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. విశ్వాసం ఒకటే, సంస్కారం ఒకటే, గురువు ఒకరే. వియ్యం మాత్రం కులంలోనే. మాల, మాదిగల మధ్య కూడా ఇదే తంతు, ఇందులో మా తప్పు మాకుంది. పండుగకు చందాలిచ్చే పెద్దల పేర్లు ఒక వరుసలో ఉంటాయి. గుడి ఊడ్చి, పందిరి వేసి, రథం మోసేవాళ్లు ఇంకో వరుసలో ఉంటారు. ఏ ఆదివారమూ ఎవరూ ఎవరినీ తిట్టరు. అలవాటు తన పని తాను చేసుకుపోతుంది.

ఆరాధన పద్ధతిలోకీ ఈ అలవాటు చొరబడింది. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1969లో భారతదేశపు పూజలో స్థానిక సంస్కృతికి చోటిస్తూ పన్నెండు అంశాలను రోము ఆమోదించింది. చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, నూనె దీపాలు, హారతి, పంచాంగ ప్రణామం వాటిలోవే. లాటిన్ స్థానంలో తెలుగు వచ్చిన ఆ రోజులు మంచివే. కానీ 'స్థానిక సంస్కృతి' అంటే ఎవరి సంస్కృతి అని అప్పుడు ఎవరూ మమ్మల్ని అడగలేదు. హారతి పళ్లెం పీఠం దాకా వెళ్లింది. మా డప్పు పండుగ ఊరేగింపులో ముందు నడిచి, గుడి మెట్ల దగ్గర ఆగిపోతుంది. సంఘంలో ఎక్కువమంది మేమే. మా వాద్యం ఇప్పటికీ గుమ్మం బయటే.

ఆ పన్నెండు అంశాల్లోనే మరొకటి ఉంది. పూజలో శాంతి తెలుపుకునేటప్పుడు చేతులు జోడించి నమస్కరించవచ్చు, లేదా తన చేతులను ఎదుటివారి చేతుల మధ్య ఉంచవచ్చు. రెండింటికీ అనుమతి ఉంది. మా ప్రాంతంలో మొదటి పద్ధతి ఒక్కటే స్థిరపడింది. గురువు చెప్పగానే రెడ్డిగారు నా వైపు తిరిగి చేతులు జోడిస్తారు. నేనూ జోడిస్తాను. ఎంతో మర్యాదగా ఉంటుంది. ఎవరూ ఎవరినీ తాకనవసరం లేదు. ఆయన మంచి మనిషి, ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. రెండో పద్ధతి ఎందుకు అలవాటు కాలేదని మాత్రం అడుగుతున్నాను.

చర్చి పెద్దలకు ఇది తెలియనిది కాదు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించింది. చర్చిలో కులవివక్ష ఉందని, అది పాపమని ఒప్పుకుంది. ఏటా నవంబరులో ఒక ఆదివారాన్ని దళిత విమోచన ఆదివారంగా పాటిస్తున్నాం. మిగిలిన యాభై ఒక్క ఆదివారాల మాటేమిటి? కర్నూలు ప్రాంతపు దళిత కుటుంబంలో పుట్టిన పూల ఆంథోని గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దేశంలో ఆ స్థానం పొందిన తొలి దళితుడు ఆయన. 2025 మేలో పోపును ఎన్నుకున్న సభలో ఓటు వేశారు. ఆ రోజు మా వాడలో గంటలు కొట్టాం. రోములో పోపును ఎన్నుకునే ఓటు వేయగలిగిన సమాజపు పిల్లవాడు, అదే విశ్వాసం చెప్పుకొని తన ఊరిలో ఎస్సీ వార్డుకు నామినేషన్ వేయలేడు. ఒక వ్యక్తి అందుకున్న శిఖరం వాడ నేలను దానంతట అదే మార్చదని దీనివల్ల తెలుస్తుంది.

దళిత సోదరుల్లో కొందరికి ఒక భయం ఉంది. క్రైస్తవులను చేర్చితే ఉన్న వాటా పలచబడుతుందని. ఈ భయాన్ని తీసిపారేయను. కానీ తెలుగు నేలపై దళిత క్రైస్తవుల్లో చాలామంది ఇప్పటికే హిందూ పేరుతో ఆ జాబితాలోనే ఉన్నారు. గుర్తింపు వస్తే ప్రధానంగా పోయేది వాళ్ల మెడ మీది భయం. కొత్తగా చేరేవారి జనాభాను లెక్కించి, ఆ మేరకు శాతాన్ని పెంచమని ఇద్దరం కలిసి అడగాలి. వర్గీకరణ సాధించినవాళ్లకు లెక్క ప్రకారం పంచడం కొత్త విద్య కాదు. ఇంకో ప్రమాదం కూడా పొంచి ఉంది. మతం మారిన ఆదివాసులనూ జాబితా నుంచి తొలగించాలన్న డిమాండు దేశంలో వినిపిస్తోంది. ఈ రోజు నా బిడ్డను అడిగిన ప్రశ్నను రేపు లంబాడా, కోయ బిడ్డలను అడుగుతారు. మానుకోట లాంటి జిల్లాలో అది చిన్న విషయం కాదు.

రాజ్యాన్ని అడగవలసింది స్పష్టమే. 1950 ఉత్తర్వు మూడవ పేరాను తొలగించాలి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవుల పక్షాన తీర్మానం చేసింది. తెలంగాణ కూడా కేంద్రాన్ని గట్టిగా అడగాలి. చర్చిని అడగవలసింది దీనికంటే సులువు, ఎందుకంటే దానికి పార్లమెంటు అక్కరలేదు. ప్రతి మేత్రాసనం తన గురువుల్లో, సిస్టర్లలో, బడుల ఉపాధ్యాయుల్లో, విచారణ మండలి సభ్యుల్లో దళితులు, ఆదివాసులు ఎందరో లెక్క ప్రకటించాలి. మన బడుల్లో మన వాడ పిల్లలకు ఎన్ని సీట్లు దక్కుతున్నాయో చెప్పాలి. డప్పును పీఠం దాకా రానివ్వాలి. కులాంతర వివాహం చేసుకున్న జంటకు గుడి ఆసరాగా నిలవాలి.

2027 జనగణనలో కులాన్నీ లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. గణకుడు మా గుమ్మం ముందు నిలబడి మతం అడిగినప్పుడు మా అమ్మ ఏ పేరు చెప్పాలి? ఆమె ఎనభైకి దగ్గరపడింది. రెండు పేర్ల బరువును ఇన్నేళ్లూ మోసింది. ఈ ఒక్కసారి నిజమే చెబుతానంటోంది. ఆ నిజానికి శిక్ష పడకుండా చూడడం రాజ్యం పని. రాబోయే ఆదివారం శాంతి తెలుపుకునే వేళ నేను నా చేతులను జోడించను, పక్కవారి ముందు చాపుతాను. వాటిని ఆయన తన చేతుల మధ్యకు తీసుకుంటారో లేదో చూడాలి.