సగం ఆట అందరిదీ



ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు ఒక శని, ఆదివారాలు రెండుపూటలా ఆ ఊరి క్లబ్బులో పిల్లల రగ్బీ పోటీలు చూచాను. బలవంతుల ఆటలో బక్కపిల్లలకు చోటెక్కడిది అనుకునేవారు అక్కడి నియమాలను గమనించాలి. అండర్-7, అండర్-8 జట్లలో పడగొట్టడం నిషిద్ధం. నడుముపట్టీకి వేలాడే రెండు పీలికలలో ఒకదానిని లాగితే చాలు. పట్టి పడగొట్టే విద్య అండర్-9లో మొదలవుతుంది.

వీటన్నింటికన్నా నాకు నచ్చినది ‘సగం ఆట’ నియమం. జట్టులోని ప్రతి బిడ్డా ఆ రోజు కనీసం సగం సమయం ఆడితీరాలి. గెలుపు చేజారుతుందన్నా శిక్షకుడు దానిని మీరరాదు.

మన బడులలో గట్టివారిని ఏరుకొని, తక్కినవారిని చప్పట్లకు కూర్చోబెట్టడం పరిపాటి. పద్యం బాగా చదివే పిల్లవాని చేతనే ప్రతిమారూ చదివిస్తే, నోరు తిరగనివానికి పద్యం ఎన్నటికి వస్తుంది? ఆటా అంతే.

పోటీలో పదును తగ్గదా అని కొందరనవచ్చు. పదును తరువాతనైనా పెట్టవచ్చు. పదేళ్ళకే పక్కకు నెట్టిన బిడ్డను మైదానానికి మళ్ళీ రప్పించడం కష్టం.

చెడుగుడు జట్టులో 12 మంది, బరిలో ఏడుగురు. రెండు అర్ధభాగాలలో కలిపి 14 చోట్లు. అంటే అందరికీ సగం ఆట దక్కుతుంది, పైగా రెండు చోట్లు మిగులుతాయి. లెక్క సరిపోయింది, మన మనస్సు ఒప్పుకోవడమే తరువాయి.

మీ ఊరి బడిలో ఈ సంక్రాంతి పోటీలకు ప్రయత్నించి చూడరాదా?