దృశ్య పాఠాలకు ఉపశీర్షికలు – మన కర్తవ్యం

నోటిమాట గాలిలో కలిసిపోతుందనీ, వ్రాతమాట నిలిచిపోతుందనీ పెద్దలు చెబుతారు. ఈనాటి విద్యారంగంలో నోటిమాట కూడా నిలిచిపోతున్నది. అధ్యాపకుని ఉపన్యాసం వీడియోగా మారి, విద్యార్థి చేతిలోని ఫోనులో ఎన్నిసార్లు కోరితే అన్నిసార్లు పలుకుతున్నది. 2020లో కరోనా వల్ల తరగతి గదులు మూతపడిన నాటి నుండి ఈ పద్ధతి మన కళాశాలలలో పాతుకుపోయింది. అయితే, నిలిచిన ఆ మాట అందరికీ అందుతున్నదా అన్నది మా ప్రశ్న.

వినికిడి లోపం గల విద్యార్థికి ఆ ఉపన్యాసం పెదవుల కదలిక మాత్రమే. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివి, ఆ పైన ఆంగ్ల మాధ్యమంలో అడుగుపెట్టిన విద్యార్థికి అది సగం తెలిసి, సగం తెలియని పలుకుల ప్రవాహం. ఈ ఇద్దరికీ కావలసినవి తెర అడుగున మాటతోపాటే నడిచే రెండు వరుసల అక్షరాలు. పలికిన భాషలోనే, అవసరమైన ధ్వనులను కూడా సూచిస్తూ వ్రాస్తే వాటిని క్యాప్షన్లు అంటారు. మరొక భాషలోకి అనువదించి వ్రాస్తే సబ్‌టైటిళ్ళు అంటారు. తెలుగులో రెండింటినీ ఉపశీర్షికలనే పిలుచుకుంటున్నాం. మొదటివి చెవికి బదులుగా నిలుస్తాయి. రెండవవి భాషల నడుమ వంతెన వేస్తాయి. మన కళాశాలకు రెండూ అవసరమే.

ఇది ఎవరో దయతలచి చేయవలసిన పనిగా భావించడం తగదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ విభాగం దృశ్య మాధ్యమాలకు ఉపశీర్షికలు, సంజ్ఞాభాష సమకూర్చే ఏర్పాట్లు చేయవలసిన బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. 2019లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ టెలివిజన్ కార్యక్రమాలకు ఈ విషయమై ప్రమాణాలను ప్రకటించింది. వినికిడి గలవారికి సైతం దీనివల్ల మేలు కలుగుతుంది. అహ్మదాబాదులోని ఐ.ఐ.ఎం. ఆచార్యులు బ్రిజ్ కొఠారీ 1996లో ఒక ఆలోచన చేశారు: సినిమా పాట క్రింద అదే భాషలో ఆ పాట పదాలను చూపితే, అరకొరగా చదవనేర్చినవారికి అది అప్రయత్నమైన అక్షరాభ్యాసమవుతుందని. 2002లో ఆ పద్ధతి దూరదర్శన్‌లోని చిత్రహార్ కార్యక్రమం వరకు చేరింది. పాట క్రింద అక్షరానికి అంత శక్తి ఉన్నప్పుడు, పాఠం క్రింద అక్షరానికి ఎంత ఉండాలి!

ఒకప్పుడు ఈ పని స్టూడియోలకే పరిమితం. ఈనాడు సబ్‌టైటిల్ ఎడిట్, ఏజిసబ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా లభిస్తున్నాయి. వీటి పని విధానం సులభమైనదే. తెరపై వీడియో నడుస్తుండగా మాట మొదలైన క్షణాన్ని, ముగిసిన క్షణాన్ని గుర్తించి, ఆ వ్యవధికి తగిన వాక్యాన్ని వ్రాస్తారు. వరుస సంఖ్య, కాలం, వాక్యం – ఈ మూడింటితో ఎస్.ఆర్.టి. అనే ఒక చిన్న ఫైలు తయారవుతుంది. ఒకేసారి రెండు వరుసలకు మించకుండా, ఒక వాక్యం తెరపై ఏడు సెకండ్లకు మించి నిలువకుండా చూడడం ఈ వృత్తిలో పాటించే నియమం. ఉపశీర్షికలను చిత్రంలో శాశ్వతంగా అచ్చువేయక, విడి ఫైలుగా ఉంచడమే ఉత్తమమని మా అభిప్రాయం. అప్పుడు ఒకే పాఠానికి తెలుగు, ఉర్దూ, ఆంగ్ల ఫైళ్ళు మూడూ జతచేయవచ్చు. తప్పు కనబడితే వీడియోను తాకకుండానే దిద్దవచ్చు.

మాటను విని తానే వ్రాసే యంత్రాలు కూడా వచ్చాయి. 2022లో వెలువడిన విస్పర్ వంటి సాఫ్ట్‌వేర్ తెలుగును, ఉర్దూను కూడా వింటుంది. గంటల తరబడి చేయవలసిన వ్రాతపనిని నిమిషాలలో ముందుంచుతుంది. ఇక్కడే మనం మెలకువగా ఉండవలసి ఉన్నది. యంత్రం శబ్దాన్ని పట్టుకుంటుంది గాని, పాఠం సారాన్ని గ్రహించిందన్న హామీ లేదు. రసాయన శాస్త్రంలో క్షారం క్షీరమైతే ఏమి గతి? ‘లేదు’ అన్న ఒక్క మాట జారిపోతే సిద్ధాంతమే తలక్రిందులవుతుంది. ఉర్దూలో ‘సదా’ అన్న పలుకును సాద్‌తో వ్రాస్తే పిలుపు, సీన్‌తో వ్రాస్తే ఎల్లప్పుడు. చెవికి రెండూ ఒక్కటే. ఉర్దూ ఉపన్యాసాన్ని హిందీగా భావించి దేవనాగరిలో వ్రాసిపెట్టే ప్రమాదమూ ఉన్నది. చెవి గలవాడు ఇట్టి తప్పును విని సరిదిద్దుకుంటాడు. వినబడని విద్యార్థికి ఆ అవకాశం లేదు; తెరపై ఉన్నదే అతనికి గురువాక్యం. అందుచేత దిద్దని ఉపశీర్షిక, లేని ఉపశీర్షిక కంటె హానికరమని మేము విశ్వసిస్తున్నాం.

లిపి సమస్యలు కూడా కొన్ని ఉన్నాయి. అను ఫాంట్లలో కూర్చిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ కాగితంపై అందంగానే ఉంటాయి. యూనికోడ్ కానందున ఉపశీర్షికల ఫైలులో అర్థంలేని గుర్తులుగా మారుతాయి. కుడి నుండి ఎడమకు నడిచే ఉర్దూ వాక్యంలో అంకెలు, విరామ చిహ్నాలు చోటు తప్పుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో తెలుగు వత్తులు అక్షరం నుండి విడిపోతాయి. వీటిని పసిగట్టగలది ఆ లిపిలో పెరిగిన కన్ను మాత్రమే.

మాతృభాషలో ఉపశీర్షికలిస్తే విద్యార్థులు ఆంగ్లం నేర్వరని కొందరి ఆక్షేపణ. పాఠం అర్థమైన తరువాతనే పరభాషా పదం మనసున నాటుకుంటుంది. అర్థంకాని పదాన్ని వల్లెవేయడం భాష నేర్వడం అనిపించుకోదు. పైగా ఆంగ్ల ఫైలు కూడా ఉండనే ఉంటుంది. విద్యార్థి తన అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. ఆధునిక శాస్త్రాలను దేశభాషలో బోధించడం ఈ నేలకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో వెలసినప్పుడు, 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చి, పరిభాషను నిర్మించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించింది. ఆ కృషికి ఈ కాలపు కొనసాగింపుగా ఉపశీర్షికలను మేము చూస్తున్నాం.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. కళాశాల పేరిట వెలువడే ప్రతి వీడియో పాఠానికి ఉపశీర్షికలుండాలని ఒక తీర్మానం చేయవలెను. తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులతో ఒక చిన్న బృందాన్ని ఏర్పరచి, శిక్షణ ఇప్పించవలెను. యంత్రం వ్రాసిన ప్రతిని ముందు విద్యార్థి దిద్ది, తరువాత ఆ విషయాన్ని బోధించే అధ్యాపకుడు ఆమోదించినగాని విడుదల చేయరాదు. దిద్దుబాటులో తేలిన పారిభాషిక పదాలను మూడు భాషలలో ఒక పట్టికగా భద్రపరచవలెను; ఏటేటా అది పెరిగి మన గ్రంథాలయ సంపద అవుతుంది. ఇందుకు కావలసిన ధనం స్వల్పం. కావలసిన ఓపిక అధికం.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. సినిమాలకు, ధారావాహికలకు ఉపశీర్షికలు వ్రాసేవారికి నేడు పని దొరుకుతున్నది. ఈ నేర్పు రేపటి జీవనోపాధికి ఉపకరించవచ్చు. అంతకు మించి, ఒక వాక్యాన్ని శ్రద్ధగా విని, అర్థం చెడకుండా రెండు వరుసలలో ఇమిడ్చినవానికి తన భాషమీద పట్టు చిక్కుతుంది. మన తరగతిలో వినలేక వెనుకబడిన తోటి విద్యార్థి, ఆ రెండు వరుసల ఆధారంతో మనతో సమానంగా పరీక్ష వ్రాయగలిగిన నాడు, ఈ శ్రమ ఫలించినట్లే.